మద్యనిషేధము - మనోనిగ్రహము

మహాభారతమున మౌసలపర్వమందు ఒక రాజశాసనము కానవచ్చును. ఋషిశాపముచే యాదవవంశమునకు కీడు మూడనున్నదని తెలిసిన పిమ్మట ద్వారకానగరమున చాటింపు వేయబడెను. ఆనాటి నుండి వృష్ణ్యంధక కులములలో ఎవ్వరును మద్యము తయారుచేయరాదు. చేసినవానిని బంధువులతోగూడ కొరత వేయుదురు. ఆ శాసనము వెనుక నిలిచినవారు సామాన్యులు కారు. ఉగ్రసేనుడు, బలరాముడు, సాక్షాత్తు శ్రీకృష్ణపరమాత్మ. పౌరులు భయపడి తలయొగ్గిరి. అయినను కొంతకాలమునకే ప్రభాసతీర్థమున ఆ యాదవులే మద్యముచే మత్తులై, మాటకు మాట పెరిగి, చేతికందిన తుంగతో ఒకరినొకరు మోదుకొని నశించిరి. శాసించినవాడు భగవంతుడే అయినను, ఆ శాసనమును పాటింపవలసిన మనస్సు మానవునిదే కదా!

ఈ కథను తలచినప్పుడు ఒక ధర్మసందేహము కలుగుట సహజము. నిగ్రహము లోపలినుండి రావలసినదైనచో, సజ్జనులు మాటిమాటికి రాజశాసనమును ఏల ఆశ్రయించుచుందురు? ఇరుగుపొరుగుల కన్నీరు చూచి ఊరకుండుట ధర్మమా? బలవంతముగ మాన్పించుట ధర్మమా? ఈ ప్రశ్నకు ఇటీవలి చరిత్రలో గొప్ప నిదర్శనము అమెరికా దేశమున లభించుచున్నది. 1920వ సంవత్సరము జనవరి 17వ తేదీ మొదలు 1933 డిసెంబరు 5వ తేదీ వరకు, దాదాపు పదునాలుగేండ్లు, ఆ విశాలదేశమున మత్తుపానీయముల తయారీ, విక్రయము, రవాణా రాజ్యాంగమే నిషేధించెను. ఇది ఏ చక్రవర్తియో విధించిన ఆజ్ఞ కాదు. 1917 డిసెంబరులో కాంగ్రెసు సభలు రెండును ప్రతిపాదింపగా, 1919 జనవరి 16 నాటికి కావలసిన 36 రాష్ట్రములును ఆమోదించిన రాజ్యాంగ సవరణ అది. ఆనాడున్న 48 రాష్ట్రములలో తుదకు 46 ఆమోదించెను. ఒక స్వతంత్ర ప్రజ తనకు తానే ఇట్టి కట్టడి విధించుకొనుటకు కారణమేమి? ఆ కారణములను విచారించినచో, దాని ఫలితము ఏల అట్లయ్యెనో కూడ బోధపడును.

మొదటి కారణము వ్యసనమే. అది కల్పితము కాదు. రైలుమార్గములు లేని కాలమున పశ్చిమ ప్రాంతపు రైతు తన మొక్కజొన్నలను కొండలు దాటించి విపణికి చేర్చలేకపోయెను. విస్కీగా మార్చినచో బరువు తగ్గును, వెల పెరుగును, చెడిపోదు. కావున మద్యము కారుచౌక అయ్యెను. 1830 ప్రాంతమున పదునైదేండ్లు దాటిన ప్రతివ్యక్తికి సగటున సంవత్సరమునకు ఏడు గ్యాలనుల శుద్ధమైన ఆల్కహాలు ఖర్చగుచుండెనని చరిత్రకారులు లెక్కగట్టిరి. అనగా సుమారు 26 లీటర్లు. పొలమున కూలీకి, ఓడలో నావికునికి, పెండ్లిలో అతిథికి, ఎన్నికలలో ఓటరుకు మద్యమే మర్యాద. ఫిలడెల్ఫియా నగర వైద్యుడు బెంజమిన్ రష్ 1784లోనే తీవ్రమద్యములు దేహమును, బుద్ధిని ఎట్లు చెరచునో వ్యాసము వ్రాసి హెచ్చరించెను. 1826లో బోస్టన్ నగరమున అమెరికన్ టెంపరెన్స్ సొసైటీ వెలసెను. ప్రసంగములు, ప్రతిజ్ఞాపత్రములు, ఊరూర సంఘములు - ఈ ప్రబోధము వృథాపోలేదు. 1840 నాటికి తలసరి వినియోగము సగమునకు పైగా పడిపోయెను. దేశవ్యాప్తమైన చట్టమేదియు లేకుండగనే ఇంత మార్పు వచ్చినదని గమనింపవలెను.

ఆ 1840వ సంవత్సరముననే బాల్టిమోర్ నగరమున ఒక వింత జరిగెను. ఆరుగురు త్రాగుబోతులు ఒక పానశాలలో కలసికొని, ఇక త్రాగమని తమలో తాము ప్రతిన పూనిరి. వారు పండితులు కారు, మతాచార్యులు కారు. పడి లేచినవారు. తమ పాటునే ఇతరులకు చెప్పుకొని, త్రాగువాని చేయి పట్టుకొని, వేలాదిమందిని తమతో నడిపించిరి. వాషింగ్టోనియన్లని వారికి పేరు వచ్చెను. 1842 ఫిబ్రవరిలో స్ప్రింగ్ ఫీల్డ్ పట్టణమున వారి సభలో ఒక యువ న్యాయవాది ప్రసంగించెను. అతడే తరువాత అధ్యక్షుడైన అబ్రహాం లింకను. త్రాగుబోతును నిందించి, శపించి, నరకమునకు పంపువారు వానిని మార్చలేరనియు, మిత్రుడనని ముందుగా నమ్మించినవాడే మార్చగలడనియు అతని భావము. ఈ వ్యసనమున పడనివారు తమ గొప్పతనముచే గాక, తమకు ఆ కోరిక లేకపోవుటచే తప్పించుకొన్నవారే అనికూడ అతడు చెప్పెను. వినయముగల మాట. నిగ్రహవంతుడనని గర్వించుట మరియొక మత్తు.

అయితే దయకు ఓర్పు కావలెను. ఓర్పు అందరికి ఉండదు. వాషింగ్టోనియన్ సంఘములు కొద్ది సంవత్సరములకే క్షీణించెను. ప్రతిన పూనినవారిలో అనేకులు తిరిగి పడిపోయిరి. అప్పుడు సంస్కర్తల దృష్టి త్రాగువాని నుండి అమ్మువాని మీదికి, ప్రబోధము నుండి చట్టము మీదికి మరలెను. మెయిన్ రాష్ట్రమున పోర్ట్ లాండ్ నగరాధ్యక్షుడు నీల్ డో పట్టుదలచే 1851లో తొలి రాష్ట్రవ్యాప్త నిషేధచట్టము వచ్చెను. నాలుగేండ్లకు, 1855లో, ఆ డో మహాశయుడే ఔషధముల కొరకని నగరభవనమున మద్యము నిలువచేయించెనన్న వార్త పొక్కగా జనము మూగెను. సైన్యము కాల్పులు జరిపెను, ఒకడు మరణించెను. మరుసటియేడు ఆ చట్టమే రద్దయి, 1858లో మరల వచ్చెను. మాన్పింపవచ్చిన చేయి ఆయుధము పట్టినప్పుడు ఏమగునో ఆనాడే కొంత తెలిసెను.

రెండవ కారణము గృహిణుల శోకము. దీనిని తేలికగా చూచువాడు ఆ చరిత్రను గ్రహింపజాలడు. ఆ కాలమున స్త్రీకి ఓటు లేదు. భర్త వారపు కూలి అంతయు పానశాలలో ధారపోసి, రాత్రి ఇల్లు చేరి చేయిచేసికొన్నను, భార్యకు దిక్కు లేదు. ఆస్తిమీద, బిడ్డలమీద ఆమె హక్కు అనేక రాష్ట్రములలో నామమాత్రము. 1873 డిసెంబరు చలికాలమున ఒహైయో రాష్ట్రపు హిల్స్ బరో పట్టణమున ఎలైజా థాంప్సన్ అను గృహిణి ముందునడువగా, డెబ్బదిమందికి పైగా స్త్రీలు దేవాలయము నుండి బయలుదేరి పానశాలల ముంగిట మోకరించి ప్రార్థన చేసిరి. వారిచేత రాయి లేదు, కర్ర లేదు. కీర్తన మాత్రమే కలదు. ఆ ఉద్యమము ఊరినుండి ఊరికి ప్రాకి వందలాది దుకాణములను మూయించెను. కాని కొంతకాలమునకు వానిలో పెక్కు తిరిగి తెరచుకొనెను. ఆ కన్నీటినుండియే 1874లో స్త్రీల క్రైస్తవ మద్యనిరోధ సంఘము పుట్టినది. 1879 నుండి మరణించువరకు దానికి అధ్యక్షురాలైన ఫ్రాన్సెస్ విల్లర్డ్, గృహరక్షణకై స్త్రీకి ఓటు కావలెనని వాదించెను. తల్లి కన్నీరు చట్టసభకు చేరుటకు అదియొక్కటే మార్గమని ఆమె నమ్మకము.

శోకము కోపముగ మారుటయు కలదు. కాన్సాస్ రాష్ట్రము 1880లోనే తన రాజ్యాంగమున మద్యనిషేధమును చేర్చినను, పానశాలలు పట్టపగలే నడచుచుండెను. త్రాగుడుచే మొదటి భర్తను పోగొట్టుకొన్న కారీ నేషన్ అను స్త్రీ 1900లో కయోవా పట్టణమున పానశాలలలోనికి చొచ్చి, రాళ్ళతో సీసాలను, అద్దములను పగులగొట్టెను. తరువాత చేగొడ్డలి పట్టెను. ఆమెను చూచి లోకము నవ్వెను. కాని ఆమె ప్రశ్నకు జవాబు చెప్పినవారు అరుదు. చట్టము కాగితముమీద ఉండి, దుకాణము వీధిలో ఉన్నప్పుడు, తప్పెవరిది?

మూడవ కారణము లోభము. పంతొమ్మిదవ శతాబ్ది చివరి దశకములలో పెద్ద బీరు కంపెనీలు తమ సరకునే అమ్మవలెనను షరతుపై పానశాలలకు పెట్టుబడి పెట్టెను. ఒక వీధిలో ఒకటి చాలినచోట అనేకము వెలసెను. గిట్టుబాటుకై దుకాణదారుడు ఉచితముగ ఉప్పని తినుబండారములు పెట్టి దాహము పెంచెను. జూదమునకు, వ్యభిచారమునకు చోటిచ్చెను. ఊరి రాజకీయనాయకునికి ఓట్లు పోగుచేసెను. నిజమునకు ఆ పానశాలయే బీద కార్మికునికి చలికాలపు వెచ్చదనము, పని దొరకు సమాచారము, స్నేహితుల కలయిక. ఆ అవసరమును తీర్చు మరియొక చోటు అతనికి ఎవరును చూపలేదు. ఈ లోభమున ప్రభుత్వమునకును పాలు కలదు. 1913కు ముందు కేంద్రప్రభుత్వ ఆదాయమున సుమారు మూడవవంతు మద్యముపై పన్నుగ వచ్చుచుండెను. ఏ బొక్కసము త్రాగుబోతు కూలితో నిండునో, ఆ బొక్కసము వాని ఇంటి ఆకలికి జవాబుదారి కాదా?

నాలుగవ కారణము అన్నిటికంటె విషాదకరమైనది. అది పరులయెడ భయము, తిరస్కారము. ఐర్లండు, జర్మనీ, ఇటలీ, తూర్పు ఐరోపా దేశముల నుండి లక్షలాదిమంది వలసవచ్చి నగరములలో నిండిరి. వారి భాష వేరు, ప్రార్థన వేరు, భోజనముతో బీరో ద్రాక్షమద్యమో సేవించు అలవాటు వేరు. పల్లెలలోని పూర్వవాసులకు పానశాల ఈ క్రొత్తవారి కోటవలె కనబడెను. దక్షిణ రాష్ట్రములలో నల్లజాతివారి చేతికి మద్యము అందరాదన్న వాదము నిషేధమునకు బలము చేకూర్చెను. 1906లో అట్లాంటా నగరమున తెల్లజాతి మూకలు నల్లజాతివారిపై బడి హతమార్చగా, మరుసటి సంవత్సరమే జార్జియా రాష్ట్రము మద్యమును నిషేధించెను. హింసించినవారి ద్వేషమును వదలి, సీసాను దోషిగ నిలిపిరి. త్రాగువానిపై జాలితో మొదలైన ఉద్యమమున, త్రాగువాడు తమవాడు కాడన్న ఏవగింపు ఈ విధముగ కలసిపోయెను.

ఈ నాలుగు కాలువలను ఒక్క ప్రవాహముగ కూర్చినది 1893లో ఒహైయోలోని ఓబర్లిన్ పట్టణమున స్థాపితమైన యాంటీ సెలూన్ లీగ్ అను సంస్థ. దాని సూత్రధారి వేన్ వీలర్. అభ్యర్థి ఏ పక్షమువాడైనను, ఇంటిలో త్రాగినను, నిషేధమునకు ఓటువేసిన చాలునని అతని నీతి. 1905లో తమకు ఎదురుతిరిగిన ఒహైయో గవర్నరును లీగు ఓడించెను. 1913లో ఆదాయపు పన్నుకు రాజ్యాంగ సవరణ రాగా, మద్యపు పన్ను లేకున్నను ప్రభుత్వము నడచునన్న ధైర్యము కలిగెను. 1917 ఏప్రిలులో అమెరికా జర్మనీపై యుద్ధమునకు దిగెను. ధాన్యము సైనికులకు కావలెను. బీరు కంపెనీల యజమానులలో పెక్కురు జర్మను వంశీయులు. బీరు త్రాగుట దేశద్రోహమన్నంతవరకు ప్రచారము సాగెను. ఏ మాతృమూర్తుల ప్రార్థన నలుబదియేండ్లు సాధింపలేనిదో, యుద్ధోద్రేకము రెండేండ్లలో సాధించెను. అయితే ఉద్రేకముపై నిలిచిన కట్టడము ఉద్రేకము చల్లారిన పిమ్మట దేనిపై నిలుచును?

ఫలితము ఎల్లరెరిగినదే. అధ్యక్షుడు విల్సను తిరస్కరించినను, 1919 అక్టోబరులో కాంగ్రెసు వోల్ స్టెడ్ చట్టమును నెగ్గించి, నూటికి అరవంతు మించిన ఆల్కహాలు గలది ఎల్ల మత్తుపానీయమేనని నిర్ణయించెను. కొని త్రాగుటను మాత్రము రాజ్యాంగము నిషేధింపలేదు. కావున ధనికులు ముందుగనే తమ నేలమాళిగలు నింపుకొనిరి. కార్మికుని బీరుకొట్టు మూతపడెను. ఒకే చట్టము, రెండు న్యాయములు. దొంగసారా, కల్తీసారా పెరిగెను. ప్రభుత్వాజ్ఞచే విషము కలిపిన పారిశ్రామిక ఆల్కహాలును దొంగ వర్తకులు మరల మద్యముగ అమ్మగా ఎందరో ప్రాణములు, చూపు కోల్పోయిరి. షికాగో వంటి నగరములలో దొంగవ్యాపారపు ముఠాలు పోలీసులను, న్యాయాధికారులను కొనివేసెను. 1929 ఫిబ్రవరి 14న అచ్చట ఏడుగురిని గోడకు నిలిపి కాల్చిచంపిరి. ఆ యేటనే ఆర్థికమాంద్యము ఆరంభమయ్యెను. పనులు, పన్నులు కావలసివచ్చి, 1933లో ఇరువదియొకటవ సవరణ ఆ నిషేధమును రద్దుచేసెను.

దీనినిబట్టి చట్టముచే ధర్మము నిలువదని తేల్చివేయుట కొందరికి సులభముగ తోచును. అది తొందరపాటు. ఆ సంవత్సరములలో మద్యపానము నిజముగ తగ్గెను. త్రాగుడు వలన కాలేయము చెడి మరణించు పురుషుల సంఖ్య 1911లో లక్షకు సుమారు 29 కాగా, 1929లో సుమారు 11కు దిగెను. ఈ తగ్గుదల రాష్ట్రచట్టముల కాలముననే, యుద్ధకాలముననే ఆరంభమైనను, నిషేధమున దానికి పాలు లేదనుట న్యాయము కాదు. పాత పానశాల తిరిగి రాలేదు. ఎన్ని ఇండ్లలో కూలిసొమ్ము భార్య చేతికి చేరెనో, ఎన్ని దెబ్బలు తప్పెనో, ఏ లెక్కలోను వ్రాయబడలేదు. చట్టము దుకాణమును మూయగలదు, దూరమును పెంచగలదు, నేర్వని బాలుని నేర్వకుండ కాపాడగలదు. దాహమును మాత్రము ఆర్పజాలదు. మొదటి పని చేసినందుకు చట్టమును మెచ్చవలెను. రెండవది చేయనందుకు నిందింపరాదు. అది చట్టము పని కానేకాదు.

మరి దోషమెక్కడ? కర్మకు రూపమెట్టిదైనను, దాని ఫలమును నిర్ణయించునది వెనుకనున్న భావము. శోకమునుండి పుట్టిన నియమము తనకును వర్తించును. తిరస్కారమునుండి పుట్టిన నియమము పరులకే వర్తించును. కచుని భస్మము కలసిన మద్యమును ఎరుగక త్రాగిన శుక్రాచార్యుడు, తాను మోసపోయిన తరువాతనే విప్రులకు సురాపానము నిషిద్ధమని కట్టడి చేసెను. ఆ కట్టడికి మొదట తలవంచవలసినవాడు తానే. అమెరికాలో ఓటువేసి ఇంటిలో త్రాగిన చట్టసభ్యుడు, సీసాలు దాచుకొన్న ధనికుడు, పరదేశిని ఏవగించుకొన్న పూర్వవాసి - వీరి నిషేధము ఇతరుల కొరకు. తల్లుల ప్రార్థన యథార్థమే. కాని ఆ ప్రార్థనను గెలిపించిన చేతులన్నియు పరిశుద్ధములు కావు. గెలుపుకొరకు ద్వేషమును తోడు తెచ్చుకొన్న దయ, గెలిచిన పిమ్మట ఆ ద్వేషమునకే పీట వేయవలసివచ్చెను.

భారతదేశమునకు ఈ విచారణ దూరమైనది కాదు. రాజాజీ ప్రభుత్వము 1937లో సేలము జిల్లాలో ఆరంభించిన మద్యనిషేధము 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు వ్యాపించెను. రాజ్యాంగపు 47వ అధికరణము మద్యనిషేధమును రాజ్యము సాధింపవలసిన లక్ష్యములలో చేర్చినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాకొట్టును మూయించిన కథ హిల్స్ బరో స్త్రీల కథకు చెల్లెలు. ఆ ఉద్యమఫలముగ 1993లో ఆంధ్రప్రదేశమున సారా, 1995లో సమస్త మద్యము నిషిద్ధమయ్యెను. 1997లో ఆ సంపూర్ణనిషేధము సడలెను. అచ్చటను, ఇచ్చటను స్త్రీల కన్నీరే చట్టమును తెచ్చినది. ఖజానా లెక్కయు, దొంగరవాణాయు దానిని వెనుకకు లాగినవి.

నిషేధము రద్దయిన రెండేండ్లకు, 1935లో, ఆ ఒహైయో రాష్ట్రముననే ఏక్రన్ నగరమున ఇరువురు కలసికొనిరి. ఒకరు న్యూయార్కునుండి పనిమీద వచ్చిన బిల్ విల్సన్. మరియొకరు ఆ ఊరి శస్త్రవైద్యుడు రాబర్ట్ స్మిత్. ఇరువురును త్రాగుడుచే చెడినవారే. ఆ సాయంకాలము విల్సను మనస్సు మరల మద్యమువైపు లాగుచుండగా, తనవంటి మరియొకనితో మాటలాడినగాని తాను నిలువజాలనని గ్రహించి, వెదకి వెదకి ఆ వైద్యుని చేరెను. ఉపదేశింప వచ్చినవాడు కాడు. తానే సాయము కోరి వచ్చినవాడు. ఆ సంభాషణనుండి పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘములు నేడు దేశదేశములందు కలవు. తన బలము చాలదని ఒప్పుకొని, తనకంటె అధికమైన శక్తికి శరణు జొచ్చుట వారి మొదటి మెట్లు. శరణాగతి యన నేమో ఎరిగిన వైష్ణవ కుటుంబములకు ఈ మాట క్రొత్త కాదు.

కావున అంగడి మూయించుట రాజధర్మము; దానిని గృహస్థులు కోరుట న్యాయము. ఆ కోరికతోబాటు, వీధి చివర తూలుచు వచ్చు మనుష్యుని చూచి తలుపు వేసికొనక, అతని భార్యకు ఒకపూట బియ్యమును, అతనికి తెల్లవారిన తరువాత ఒక మంచిమాటయు ఈయగలిగిన ఇల్లు ఊరికొక్కటియైన ఉండవలెను. ద్వారకలో చాటింపు ఉండెను. తన బలహీనతను తోడివానితో చెప్పుకొన్న యాదవుడు ఒక్కడు లేకపోయెను.